వెండెల్ పడవలో మంచినీళ్లు

చలి ముదిరే ఉత్తర తీరంలోని హెరన్ కోవ్ రేవులో వెండెల్ ఫాకింగమ్‌ను ఆ పేరుతో పిలిచేది వాళ్లక్క ఆర్లీన్ ఒక్కతే. మిగతా అందరికీ అతను ‘ఫ్లోరిడా’. ఆకులు రాలడం మొదలైతే చాలు, ఈసారి పడవేసుకుని దక్షిణానికి, వెచ్చటి ఫ్లోరిడాకి పోతానంటాడు. మంచు పడే వేళకు బావ రాస్కో అదే పడవను క్రేనుతో తన యార్డు గట్టుకెక్కించి పట్టా కప్పుతాడు. ఒక ఏడు ఇంజను అడ్డం, ఒక ఏడు అమ్మ జబ్బు, ఇంకో ఏడు గాలి.

తండ్రిలా సముద్రపు రొయ్యల బోనులు లాగడం అతనికి గిట్టలేదు. బావ యార్డులో కూలికి కుదిరాడు. వేసవికొచ్చి పోయే డబ్బున్నవాళ్ల పడవల్లో, చలికి ముందు మంచినీళ్ల గొట్టాలు ఖాళీ చేసి, గడ్డకట్టని గులాబీరంగు మందు ఎక్కించడం అతని పని. నీళ్లు ఎక్కడ చుక్క మిగిలినా గడ్డకట్టి ఉబ్బి, ఉన్నదాన్ని చీల్చేస్తాయి. కుళాయిలోంచి గులాబీరంగు దిగిందంటే ఆ పడవకు ఆ ఏటికి ప్రయాణాలు చెల్లు. ఆ రంగు చూస్తే వెండెల్‌కు ఒళ్లు మండేది. ఎక్కడికైనా పోగలవాళ్లు పడవలు కట్టేసి పోతారు. ఎక్కడికీ పోలేనివాడు వాటికి మందు పోస్తాడు.

ఆ నవంబరులో అతని పడవొక్కటే నీళ్లలో మిగిలింది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలని టాంకు నిండా మంచినీళ్లు పట్టాడు. ఆ రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుందని రేడియోలో చెప్పారు. సాయంత్రం రాస్కో రేవుచెక్కల మీదికొచ్చి నిలబడ్డాడు.

“ఏంటి ఫ్లోరిడా, ఇంకా ఇక్కడే ఉన్నావా? పాపం, నీకోసం వంగి చూసిచూసి అక్కడి కొబ్బరిచెట్లకి నడుములు పట్టేశాయంట.”

“రేపు పోతున్నా బావా.”

“పోయేవాడివైతే నీళ్లుంచుకో, ఉండేవాడివైతే వదిలెయ్. రేపు మధ్యాహ్నం క్రేను షెడ్డులో పెట్టేస్తా. నీ ఒక్కడి కోసం మళ్లీ తియ్యను. సరే, మీ అక్క బీన్సు వండింది, రా. ఈ చలికి మా ఇంట్లోనే పడుకో.”

బావ వెళ్లాక వెండెల్ లోపలికీ బయటికీ తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు. టాంకు ఖాళీ చేస్తే ఉండిపోయినట్టే. చెయ్యకపోతే గొట్టాలు పగలొచ్చు. చివరికి, అన్ని నీళ్లు ఒక్క రాత్రికి గడ్డకట్టవులే అని టాంకు అలాగే ఉంచి, వాల్వు కట్టేసి, పంపుకొచ్చే గొట్టం ఊడదీసి మందు డబ్బాలో ముంచి పంపు నడిపాడు. తన కుళాయిలోంచి గులాబీరంగు దిగుతుంటే తల తిప్పుకున్నాడు. పోవడానికి నీళ్లు, ఉండడానికి మందు!

అక్క ఇంట్లో నిద్ర పట్టలేదు. తెల్లవారగానే రేవుకు దిగాడు. గాలి అనుకూలంగానే ఉంది. గొట్టం మళ్లీ తగిలించి వాల్వు తిప్పాడు. కాళ్ల కింద నీళ్లు! పంపుకు ముందుండే చిన్న వడపోత కప్పు నిలువునా చీలి ఉంది. టాంకుకూ పంపుకూ మధ్య, చల్లటి వెనకగోడకు ఆనుకుని ఉండే ఆ కప్పులో నీళ్లు వంపలేదు. ఆ కప్పు మరిచిన కుర్రాళ్లను అతనే ఎన్నోసార్లు గాడిదలని తిట్టాడు. మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో అతనికే తెలియలేదు.

వాల్వు కట్టేసి తలెత్తేసరికి ఎదురుగా రాస్కో, వెనకే ఆర్లీన్. రాస్కో చీలిన కప్పును చూశాడు. ఎగతాళి చెయ్యలేదు.

“పోనీలేరా. క్రేను ఇంకా బయటే ఉంది,” అన్నాడు మెల్లగా.

ఎన్నేళ్ల ఎగతాళీ అతన్ని ఆ మాటంతగా మండించలేదు. ఇంజను, అమ్మ, గాలి, ఇప్పుడు కప్పు. వచ్చే ఏడు కూడా ఏదో ఒకటి దొరుకుతుంది.

“అక్కా, ఇంట్లో ఖాళీ పాలడబ్బాలున్నాయా?”

“ఇంటెనక షెడ్డు నిండా ఉన్నాయి. ఎందుకురా?”

“నీళ్లు పట్టుకోడానికి. పంపు లేకపోతే నీళ్లు గొంతు దిగవా?”

ఆర్లీన్ మొగుడివైపు చూసింది. “చూస్తావేం? పోయి తీసుకురా!”

రాస్కో గొణుక్కుంటూ వెళ్లి, రెండు చేతులా నీళ్లు నింపిన డబ్బాలు మోసుకొచ్చాడు. “దారిలో పోర్ట్‌లాండు రేవులో ఆగి కప్పు మార్చుకో. ఈసారి వంపడం మర్చిపోకురా గాడిదా!”

రేవు దాటాక వెండెల్ ఒక డబ్బా మూత తీసి తాగాడు. నీళ్లు పాలవాసన వేశాయి. వెనక రాస్కో క్రేనును షెడ్డులోకి తోలుతున్న చప్పుడు, నీళ్ల మీద చాలాదూరం వినిపించింది.