అమ్మ ఎడమచేతి సమోసా

గవర్నమెంటు క్లర్కు ఉద్యోగానికి వయసు దాటిపోయేలోపు నాకు ఇంకొక్క పరీక్షే మిగిలింది. లెక్కలు గిట్ల చిటికెల చేసేదాన్ని. నా పాణం తీసింది బొమ్మల ప్రశ్నలు. మొదటి బొమ్మ రెండోదానిగ ఎట్ల మారిందో చూసి, మూడోది గూడ గట్లనే మారితే ఏదైతదో చెప్పాలె. త్రికోణంల గీత, గీత కొసకు చుక్క. ఏంది ఈ లొల్లి అని మస్తు చిరాకు లేసేది.

కాయితమైతే తిప్పి చూసుకునేదాన్ని. ప్రాక్టీసు టెస్టులన్నీ కంప్యూటర్ మీదనాయె. దాన్నెట్ల తిప్పుతం? తలకాయనే తిప్పిన. మెడ పట్టేసింది గాని జవాబు తప్పే. అద్దంల కనవడ్డట్టు మారిన బొమ్మను, నేనేమో ఉత్తగ తిరిగిందనుకునేదాన్ని.

మాది ధూల్‌పేట్. రంజాన్ నెలల అఫ్జల్‌గంజ్ హోటళ్లకు మా ఇంట్లకెల్లి సమోసాలు పోతయి. నేను, అమ్మ ఎదురెదురుగ కూసుని, పొడుగు పిండి పట్టీల ఉల్లిగడ్డ పెట్టి త్రికోణంగ మడుస్తం. అమ్మది ఎడమచేతి వాటం. నాయనమ్మ మంచం మీదికెల్లి చూసిందంటే చాలు, "తినే వస్తువు, ఆ చెయ్యేంది?" అని మొదలువెడ్తది. అమ్మ ఠక్కున చెయ్యి మారుస్తది. నాయనమ్మ అటు తిరగంగనే మళ్ల ఎడమచెయ్యే. పెండ్లయిన కాన్నుంచి ఇదే కథ.

ఒకరోజు తట్టల పేరుస్తుంటే అమ్మ మడిచిన సమోసా ఒకటి నా వరుసలకొచ్చింది. నావన్నిటికీ మడత అంచు కుడికుంటే, దానికి ఎడమకుంది. తిప్పిన, మళ్ల తిప్పిన. ఎంత తిప్పినా అది నా సమోసా లెక్క కాలే. అద్దమంటే ఇదేనా అని నవ్వొచ్చింది.

"పిచ్చి లేసిందా ఏందే?" అన్నది అమ్మ.

పరీక్షల బొమ్మ వచ్చినప్పుడల్లా ఎదురుంగ అమ్మ కూసున్నట్టు అనుకున్న. ఇది నేను మడిచిందా, అమ్మ మడిచిందా? తలకాయ తిప్పే పనే పడలే.

ఉద్యోగం వచ్చింది. అమ్మ ఎడమచేత్తో మిఠాయి తీసి, నాయనమ్మను చూసి చెయ్యి మార్చుకోబోయింది. నాకు మస్తు కోపమొచ్చింది. ఆ చెయ్యిని గట్టిగ పట్టుకున్న.

"దీంతోనే పెట్టు. నా ఉద్యోగం తెచ్చింది ఇదే" అన్న.

అమ్మ భయం భయంగనే నా నోట్ల పెట్టింది.

"మరి నాకేది?" అన్నది నాయనమ్మ.

అమ్మ గబగబ కుడిచెయ్యి చాపింది.

"ఉండనీ, ఆ చేత్తోనే పెట్టు" అని నాయనమ్మ నోరు తెరిచింది.