సాక్షికి నేను అందించిన సగం మాట

ఆ రోజుల్లో అనగానే పాఠకులు రెండు జడలనూ పలకనూ ఊహించుకోనక్కరలేదు. తెలుగు పంతులమ్మగా పదవీ విరమణ చేసిన తరువాత, వెంకటాచలం నుండి రోజూ నెల్లూరుకు బస్సెక్కి న్యాయకళాశాలలో మొదటి బెంచీ మీద కూర్చున్న రోజులవి. (ఆ బెంచీ నాకెవరూ కేటాయించలేదు, నేనే తుడుచుకొని కూర్చున్నాను.) మావారు మాత్రం ముందే హద్దు గీశారు. "చదువుకో, నేను కాదనను. ఒక్కదాంట్లో తప్పినా మానేయాల. ఈ వయసులో ఫెయిలయిందంట అని ఊళ్ళో అనిపించుకోబాక," అన్నారు. సరేనని మాట ఇచ్చాను. ఇచ్చిన మాట తప్పడం నాకు చేతకాదు.

రాతపరీక్షలన్నీ నెగ్గాను గాని, ఏడాది చివర ఉత్తుత్తి విచారణ ఒకటి మిగిలింది. విద్యార్థులే న్యాయవాదులు, విద్యార్థులే సాక్షులు. న్యాయమూర్తి మా అధ్యాపకులు (వయసులో నా కుమారుడికంటె చిన్నవారు, అయినా గురువు గురువే). రహదారి మీద ఒక గేదెను లారీ గుద్దింది. నేను గేదె యజమాని తరఫున వాదించాలి. నా సాక్షి కృష్ణపట్నం ఓడరేవులో పని చేస్తూ చదువుకొంటున్న సహపాఠి, మా అందరికీ పోర్టన్న. మన సాక్షికి మనమే జవాబు అందించకూడదన్నది అక్కడి నియమం. దానిని నేను కంఠస్థం చేశాను. కాని నా కంఠానికి బడిలో అబ్బిన అలవాటు వేరే ఉంది.

"బర్రెను గుద్దింది ఏ బండి?" అని అడిగాను. పోర్టన్న తడబడ్డాడు. అంతే, నా చేయి దానంతటదే పైకి లేచింది. "చెప్పు నాయనా, లా... లా..." అన్నాను. "రీ" అని తరగతి మొత్తం అందుకొంది. అందులో న్యాయమూర్తిగారి గొంతు స్పష్టంగా వినిపించింది.

ఎదుటి పక్షం అమ్మాయి (మాటమాటకూ అడ్డుపడుతుంది గనుక అబ్జెక్షనమ్మ అనేవాళ్ళం) లేచి నిలబడింది. "అభ్యంతరం యువర్ ఆనర్. సగం జవాబు టీచరమ్మ చెప్పినారు. మిగతా సగం తమరు చెప్పినారు. రాసుకోమంటారా?"

"రాయబాకమ్మా," అన్నారు న్యాయమూర్తిగారు, కళ్ళద్దాలు తుడుచుకొంటూ. తరువాత నావైపు తిరిగి, "ఇంకొక్క అవకాశం, మేడమ్. మళ్ళీ అందిస్తే పాస్ చేయలేను. ప్రశ్న అడగండి. అడిగినాక నోరు..." అని ఆగిపోయారు. ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చేయలేదు. మా తరగతికి ఆ మాత్రం సభ్యత ఉంది.

మళ్ళీ అడిగాను. పెదవులు బిగించి, చేతులు రెండూ వెనక్కి కట్టుకొన్నాను. పోర్టన్న అలవాటుగా నా నోటివైపే చూస్తున్నాడు. అక్కడ ఏమీ దొరకక, చివరకు కిటికీవైపు చూస్తూ తనంతట తానే చెప్పాడు. "లారీనే. దుమ్ము లేచింది, నంబరు కనపడలా. లారీ పోయినాక దూడ ఒకటే అక్కడ నిలబడి ఉండె." ఆ దూడ మేము రాసుకొన్న కథలో లేదు. అబ్జెక్షనమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

"పాస్," అన్నారు న్యాయమూర్తిగారు. "ఇకమీదట కోర్టులో పాఠం చెప్పబాకండి."

బయటికి వచ్చి మావారికి ఫోను చేశాను. "గెలిచినావా?" అన్నారు. "గెలుపు సంగతి తెలియదు, పాసయ్యానండీ," అన్నాను. "సరే, వచ్చేటప్పుడు రెండో ఏడు పుస్తకాలు కొనుక్కోనిరా," అన్నారు. కాళ్ళ కింద నేల తిరిగి దొరికినట్లయింది. ఆ సంతోషంలో పుస్తకాల అంగడికి బదులు దర్జీ దగ్గరికి నడిచి, వకీలు గౌనుకు కొలతలు తీసుకొమ్మన్నాను. "పట్టా వచ్చిందా అమ్మా?" అన్నాడతను. "ఇంకా రెండేళ్ళుంది. నువ్వు కుట్టు," అన్నాను.

క్రమం తప్పితే పిల్లలను గుమ్మం బయట నిలబెట్టిన మనిషి చేసిన పని అది. ఈనాడు కోర్టుకు వేసుకొనేది ఆ గౌనే. భుజాల దగ్గర కొంత వదులయింది. సరిచేయించమని మావారు అంటూనే ఉంటారు; నాకే మనసొప్పదు.