ఏడో గుంట తడి

యాకోబుకు ఎవరి మీదా నమ్మకం కుదరదు. హోటల్లో చాయ్ ఇస్తే గ్లాసు వెలుతురుకు ఎత్తి, పాలలో నీళ్లెన్ని కలిపారో చూస్తాడు. అతన్నీ అనడానికి లేదు. గరిడేపల్లిలో కౌలు చేసిన రోజుల్లో నకిలీ విత్తనాలు ఒక పంటను నిలువునా ముంచాయి. అప్పటి నుంచి తన కళ్లతో చూడందే ఏదీ ఒప్పుకోడు.

ఇప్పుడు మునగాల దాటాక హైవే పక్కన రిసార్టులో గోల్ఫ్ మైదానం గడ్డి చూసుకుంటున్నాడు. జన్మంతా పొలంలోంచి పీకి గట్టున పారేసిన గరికకే, కాకపోతే కాస్త సన్నజాతిదానికి, ఈ వయసులో సేవలు! ఆ మాట ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది.

ఈ ఏడు ఎండలకు బోర్లు సగమే పోస్తున్నాయి. బంతి పడే గుంటల చుట్టూ ఉన్న గడ్డికి మాత్రం పొద్దున్నే ఒక్క తడి పెట్టాలని మేనేజర్ రవీందర్ చెప్పాడు. తడి పెట్టేది స్వప్న, కోత కోసేది యాకోబు. అన్నిటికన్నా దూరం ఏడో గుంట.

"ఏడోదాని దాక పోతున్నవా, సెల్లె?"

"రోజూ పోతున్ననే, అన్నా."

ఆ 'రోజూ' అతనికి మింగుడుపడలేదు. అక్కడెవరు చూడొచ్చారని ఎగ్గొడుతోందనుకున్నాడు. పొద్దెక్కి ఎండకు పైన ఆరిపోయాక, ఆమె లేనప్పుడు తానే ఏడో గుంట దగ్గర పైపు పట్టి, వరిమడికి పెట్టినట్టు నీళ్లు నిలిచేదాకా పెట్టాడు. వారం తిరక్కుండానే గడ్డి పసుపుబారింది. నేనొక్కణ్ణి పోస్తే ఎక్కడ సరిపోతుంది, ఆమె చుక్క కూడా పోయడం లేదని ఇంకా ఎక్కువ పోశాడు. చివరికి ఉండబట్టలేక రవీందర్ చెవిన వేశాడు. స్వప్న ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. అయినా ఆ రోజే పొమ్మన్నారు.

తడి, కోత రెండూ యాకోబు నెత్తిన పడ్డాయి. ఏడో గుంటకు రెండోసారి పెట్టే తీరిక లేకపోయింది. ఇరవై రోజులకు గడ్డి తేరుకుంది.

"చూశావా, ఆమె పోగానే ఎలా లేచిందో!" అని రవీందర్ భుజం తట్టాడు.

యాకోబు నేరుగా ఏడో గుంట దగ్గరికి వెళ్లాడు. అంచున ఒక పెళ్ల తవ్వాడు. కొత్త వేర్ల కింద పాతవి నల్లగా మురిగి వాసన కొట్టాయి. నీళ్లెక్కువైన వేరు ఎలా ఉంటుందో వరి పండించినవాడికి ఒకరు చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రం స్వప్న ఇంటికి వెళ్లాడు. ఆమె గడప దాటి రాలేదు.

"ఇంకేం ఖరాబైందే అన్నా, నా మీద ఎయ్యనీకె?"

చేసిందంతా చెప్పాడు.

"గిది నాకెందుకు? పోయి సార్‌కు చెప్పు."

మర్నాడు రవీందర్ ముందు నిలబడ్డాడు. "తప్పు నాది, సార్. ఆమె పెట్టినంక నేను మల్ల పెట్టిన. నన్ను తీసెయ్యున్రి, ఆమెను పిలువున్రి."

రవీందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎవరు చెప్పించారయ్యా నీతో?"

యాకోబు మురిగిన వేర్లను తీసి బల్ల మీద పెట్టాడు. రవీందర్ వాటి వంక చూడలేదు. యాకోబు మొహాన్నే పట్టి పట్టి చూస్తున్నాడు.