లోపలికి దిగని మందు

2022 ఏప్రిల్. నంద్యాలలో ఉంటూ, పాడైపోతున్న రాతి విగ్రహాలను, పాత కట్టడాలను బాగుచేసే పనిలో అప్పటికి నాకు పదేళ్ల అనుభవం. ఆళ్లగడ్డ నుంచి మౌనాచారి అనే శిల్పి ఫోన్ చేశాడు. డెబ్బై దాటిన మనిషి. నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయి, ఉలి పక్కన పెట్టి ఆరేళ్లయింది.

ఆయన పెరట్లో గోడకు ఆనించి రెండడుగుల విగ్రహం ఉంది. పెళ్లయిన కొత్తలో భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కిన రూపం. ఆమె పోయి చాలా కాలమైంది.

"అప్పుడు నల్లరాయి నాకు యాడిది? ఇసుకరాయి దొరికితే చెక్కినా," అన్నాడు. నేల తేమను, ఉప్పును పీల్చుకుని ఆ రాయి చెంపల దగ్గర పొడిపొడిగా రాలుతోంది. ఆయన రోజూ పొద్దున్నే ఆ ముఖం తడిమి చూసుకుంటాడు. "ముక్కు సన్నబడతాంది. వేలికి తెలుస్తాంది," అన్నాడు.

ఇలాంటి రాయికి మేం కన్సాలిడెంట్ అనే, రాయిని గట్టిపరిచే మందు వాడతాం. ద్రావకంలో కరిగించిన పాలిమర్ అది. రాతిలోని సన్నటి రంధ్రాల గుండా లోపలికి ఇంకి, ఆరాక రేణువులను పట్టి ఉంచాలి. కానీ పాలిమర్ అణువులు పొడవాటి దారాల్లాంటివి. చిక్కగా కలిపితే రంధ్రాల మొదట్లోనే చిక్కుకుని దారి మూసేస్తాయి; ద్రావకం ఒక్కటే లోపలికి పోతుంది. అందుకే ముందు రాతిలోని ఉప్పు తీసి, ఆ తర్వాత మందును బాగా పలుచగా, ఎన్నో విడతలుగా, త్వరగా ఆరిపోకుండా కప్పి ఉంచుతూ పట్టించాలి. ఇవన్నీ నాకు తెలుసు.

డోన్ దగ్గర మరో పని ఒప్పుకుని ఉన్నాను. ఆ తొందరలో మూడు వారాలు పట్టే పనిని నాలుగు రోజుల్లో ముగించాను. మందు చిక్కగా కలిపాను. ఎండకు అది చూస్తుండగానే ఆరిపోయింది. పొడి రాలడం ఆగింది. ముఖం గట్టిపడినట్టే కనిపించింది.

మౌనాచారి వచ్చి తడిమాడు. చెంప మీద వేలు మళ్లీ మళ్లీ నడిపాడు.

"రాయి చల్లగా లేదే అమ్మా. పైన ఏందో పొర మాదిరి తగులుతాంది. లోపలికి దిగిందా?"

"దిగింది తాతా. కొత్తల్లో అట్లనే ఉంటాది," అన్నాను.

"సరే. నీ మందు సంగతి నీకు తెలుసు."

అక్టోబరులో ఫోన్ వచ్చింది. "ఒకతూరి వచ్చి చూసిపో," అన్నాడు, అంతే. వెళ్లాను. వానలకు చేరిన తడి బయటికి పోయే దారి లేక పొర వెనక నిలిచిపోయింది. అక్కడే ఉప్పు పేరుకుని పొరను ముందుకు తోసింది. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖమంతా పెంకులా ఊడి, కిందపడి ముక్కలైంది. నేను చెయ్యి పెట్టకపోయి ఉంటే, అరుగుతూనైనా ఇంకొన్నేళ్లు ఉండేది.

ఆయన ముక్కలన్నీ చేటలో ఏరి పెట్టాడు. అతికిస్తానన్నాను. ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. వెనకవైపు వేలితో తాకితే పిండి రాలింది. అతుకు నిలిచే పట్టు ఎక్కడా లేదు.

"తప్పు నాది తాతా. ఆపొద్దు నువ్వు అడిగితే, చూడకుండానే దిగిందని చెప్పినా."

"నాకు ఆపొద్దే తెలిసింది," అన్నాడు. "యాభై యేండ్లు రాయితో బతికినోన్ని. సదువుకున్న పిల్ల చెప్తాంది గదా అని, నా చెయ్యిదే తప్పనుకున్నా."

ఆ తర్వాత పని పద్ధతి మార్చుకున్నాను. ముందుగా, రాలిన ముక్క ఒకదానికి మందు పట్టించి, ఆరాక కోసి, ఎంత లోతుకు దిగిందో సొంతదారుకు చూపిస్తాను. చాలినంత దిగకపోతే పని వదులుకుంటాను. పోయినేడాది అవుకులో ఒకాయనకు అలాగే చూపించి, ఇది నా వల్ల కాదన్నాను. "చేతగానిదానివి ఇంతదూరం ఎందుకొచ్చినావమ్మా?" అని విసుక్కుని పంపించేశాడు. తిరిగి వస్తూ బస్సులో కూర్చున్నాక, నా వల్ల కాదన్న ఆ ఒక్క మాట మౌనాచారి పెరట్లో అని ఉంటే సరిపోయేది కదా అనుకున్నాను.