ఆటకు ముందు పదకొండు పేర్లు

నా చిన్నప్పుడు, అంటే వేల్స్‌లోని కార్డిఫ్‌లో నాకు పదేళ్లున్న రోజుల్లో, మా ఇంట్లో ఒక పేరు పలకడం మానేశారు. మానేశారు అని ఎవరో పదిమంది ఉన్నట్టు చెబుతున్నాను గానీ, ఇంట్లో ఉన్నది ఇద్దరమే, నాన్నా నేనూ. ఆ పేరు మా అమ్మది. ఆ ఏడు జనవరిలో తలనొప్పి అని పడుకుంది, అంబులెన్సులో వెళ్లింది, మూడో రోజుకల్లా లేదు.

నేను ఏడవలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో, నాకు ఒళ్లంతా అలా ఉండేది. స్కూలుకి వెళ్లేదాన్ని, లెక్కలు చేసేదాన్ని, ఎవరైనా జోక్ వేస్తే మిగతా పిల్లలు నవ్వాక నేనూ నవ్వేదాన్ని. మా క్లాసు టీచరు నన్ను చూసి చాలా ధైర్యంగా ఉంది అంటే, కాబోలు అనుకున్నాను.

"పిల్ల ముందు వాళ్లమ్మ పేరు ఎత్తకురా, బెంగ పెట్టుకుంటుంది" అని కాకినాడ నుంచి మా మేనత్త ఫోన్లో చెప్పింది. నాన్న హాస్పిటల్లో డాక్టరు, ఆ మాటని మందు కోర్సులా పాటించాడు, ఒక్క పూట కూడా తప్పకుండా. అసలు ముందు నుంచీ మా ఇంట్లో ఆ పేరు వినిపించడం తక్కువే. నాన్న అమ్మని "ఇదిగో" అని పిలిచేవాడు, అమ్మ నాన్నని "ఏవండీ" అనేది. ఆ పేరుతో అమ్మని పిలిచేది ఫార్మసీ కౌంటర్లో ఆమెతో పనిచేసేవాళ్లూ, మా అమ్మమ్మా. అమ్మమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అమ్మ పేరు మీద ఇంకా ఉత్తరాలు వస్తుంటే నాన్న వాటిని తెరవకుండా వంటింటి సొరుగులో పెట్టేవాడు. ఎవరైనా ఫోన్ చేసి ఆమె ఉందా అని అడిగితే "షీ ఈజ్ నాట్ ఎట్ హోమ్" అని పెట్టేసేవాడు. అబద్ధం కాదు మరి.

సెప్టెంబరులో స్కూల్లో ఫ్యామిలీ ట్రీ వేయమన్నారు. నాన్న పేరు రాశాను. పక్క గీత దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. ఎంత సేపు? ఒక నిమిషం కూడా కాదేమో. అంతలోనే గుర్తొచ్చింది, రాసేశాను. కానీ ఆ నిమిషం నన్ను భయపెట్టింది. ఎనిమిది నెలలకే ఇలా అయితే, ఇంకో ఎనిమిది నెలలకు? ఆ రోజు ఇంటికి వచ్చి సొరుగులో ఉత్తరాల కింద అమ్మ ఫార్మసీ బ్యాడ్జి వెతికి, దాని మీద పేరు సరిచూసుకున్నాను. అప్పటి నుంచి రోజూ చూసుకునేదాన్ని. కళ్లతోనే. నోటితో మాత్రం అనేదాన్ని కాదు.

నాన్న డ్యూటీ రోటా ఎప్పుడూ ఒక తీరున ఉండేది కాదు. అందుకని స్కూలు వదిలాక నేను మా కింది ఫ్లాట్ తాతయ్య దగ్గర కూర్చునేదాన్ని. ఆయనది సూడాన్. వయసులో ఉన్నప్పుడు ఓడల్లో పనిచేసి, కార్డిఫ్ రేవులో దిగి, ఇక్కడే ఉండిపోయాడు. భార్యా పిల్లలూ లేరు. ఈ దేశంలో పెద్దవాళ్లెవరినైనా మనం అంకుల్ అనేస్తాం గానీ, ఆ తెల్లగడ్డం చూస్తే నాకు అంకుల్ అనాలనిపించలేదు. తాతయ్య అంటే ఏమిటో ఒకసారి చెప్పాను, ఆయనకు నచ్చింది. ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్లం. ఆయన మాటలు ఇప్పుడు నా తెలుగులో చెబుతున్నాను.

ఏమైంది, ఎలా ఉన్నావు అని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. యాలకులు వేసిన టీ సగం గ్లాసు పోసి, రెండు బిస్కెట్లు పెట్టి, తన పనేదో తను చూసుకునేవాడు. ఆ ఇంట్లో నాకు హాయిగా ఉండేది అనను. ఎలా ఉన్నా అడిగేవాళ్లు లేరు, అది చాలు అనిపించేది.

శుక్రవారం మాత్రం ఆయన హడావిడే వేరు. ఐదు కొట్టేసరికి గడ్డం దువ్వుకుని, లాప్‌టాప్ తెరిచి, వాళ్ల ఊరి రేడియో పెట్టేవాడు. నైలు నది ఒడ్డున చిన్న ఊరట, రాజధానికి చాలా దూరం. దానికొక ఫుట్‌బాల్ క్లబ్బు. స్టేడియం అంటే ఒకవైపు గోడ, మూడువైపులా మట్టిదిబ్బలు. ఆట మొదలయ్యే ముందు ఆ రేడియో మనిషి పదకొండు మంది పేర్లూ గొంతెత్తి చదివేవాడు. తాతయ్య కళ్లు మూసుకుని వినేవాడు. పేర్లు అయిపోయాక, విజిల్ వేసి బంతి తన్నారో లేదో, టక్కున లాప్‌టాప్ మూసేసేవాడు.

మూడు నాలుగు వారాలు చూశాను. ఇదేం పిచ్చి అనుకున్నాను.

"ఆట వినరా?" అని అడిగాను ఒకసారి.

"దేనికి? ఎలాగూ ఓడిపోతారు" అన్నాడు టీ ఊదుకుంటూ. "ఆరు నిమిషాలు పేర్లు, తొంభై నిమిషాలు ఏడుపు. నాకు పేర్లు చాలు."

ఆ పేర్లు నాకూ పట్టుబడ్డాయి. గోల్‌కీపర్ ఇబ్రహీం మూసా ఆదం. ఒకడు మొహమ్మద్ అహ్మద్ అలీ, వాడి పక్కనే అహ్మద్ మొహమ్మద్ అలీ. ఎడమవైపు చివర బషీర్ ఉస్మాన్ హసన్. మీ ఊళ్లో మొత్తం ఉన్నవి ఆరు పేర్లేనా, వాటినే తిప్పి తిప్పి పెట్టుకుంటారా అని అడిగితే తాతయ్య పడీ పడీ నవ్వాడు. మొదటిది ఆటగాడి పేరు, రెండోది వాళ్ల నాన్నది, మూడోది తాతది, వాళ్ల పద్ధతి అంతే అన్నాడు. "చొక్కాలు పదకొండే కనిపిస్తాయి పిల్లా. మైదానంలోకి దిగేది ముప్పైముగ్గురు."

మా పేర్లలో ముందు ఇంటిపేరు ఉంటుందని చెప్పాను. అది ఎవరి పేరని అడిగాడు. ఎవరిదీ కాదు, ఏదో ఊరిదట అన్నాను. 

అక్టోబరు ఆఖర్లో ఒక శుక్రవారం, రేడియో మనిషి పేర్లన్నీ చదివాడు. తాతయ్య లాప్‌టాప్ మూయలేదు. విజిల్ వేశారు, ఆట మొదలైంది, ఆయన అలాగే కూర్చున్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే తేడా తెలిసింది. ఎడమవైపు చివర వేరే ఎవరిదో పేరు. బషీర్ ఉస్మాన్ హసన్ లేడు.

టీ చల్లారిపోయింది. మధ్యలో రెండుసార్లు లైన్ తెగిపోయింది, ఆయన మళ్లీ కలిపాడు. అవతలివాళ్లు ఒక గోలు కొట్టారు, ఇంకోటి కొట్టారు. ఆయనకు పట్టనే లేదు. ఇంక పది నిమిషాల ఆట ఉందనగా రేడియో మనిషి ఏదో అన్నాడు. నాకు అర్థమైంది మూడు ముక్కలే, బషీర్ ఉస్మాన్ హసన్. ఎవరికో కాలు పట్టేస్తే బదులుగా అతన్ని మైదానంలోకి దింపారట. తాతయ్య "హా" అని కుర్చీలో వెనక్కి వాలి, లాప్‌టాప్ మూసి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"బషీర్ మీకేమవుతాడు?" అన్నాను.

"వాడిని నేను ఒక్కసారి చూశాను, ఉయ్యాల్లో ఉండగా" అన్నాడు. "ఉస్మాన్ నా తమ్ముడు. వీడు పుట్టిన ఏడే నదిలో పోయాడు. నేనప్పుడు ఓడలో ఉన్నాను, మట్టి వెయ్యడానిక్కూడా అందలేదు. ఇక్కడ నా తమ్ముడి పేరు తెలిసినవాడు ఒక్కడు లేడు. శుక్రవారం పూట మాత్రం ఒకడు మైకు పట్టుకుని ఊరంతటికీ వినపడేలా ఉస్మాన్ అంటాడు. అది వింటాను. అంతే."

ఇంకెవరైనా అయితే ఆయన్ని చూసి జాలిపడేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఎందుకో ఆ వయసులో తెలియలేదు.

"మరి అమ్మ పేరేదీ?" అన్నాను. "బషీర్ వాళ్ల అమ్మది?"

"మా వైపు ఆడవాళ్ల పేర్లు అలా బయట చెప్పరు. మర్యాద కాదు."

"అయితే అమ్మ చచ్చిపోతే? అప్పుడెవరు చెబుతారు?"

అరిచాను. చచ్చిపోవడం అన్న మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. గ్లాసు దొర్లింది, టీ బల్ల అంచు నుంచి కిందికి కారింది. తాతయ్య తుడవలేదు, నన్ను ఊరుకోమనీ అనలేదు. 

"ఆమినా" అన్నాడు. "మా అమ్మ. ముప్పై ఏళ్లయింది ఈ పేరు పైకి అని. తప్పు చేశాను."

తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గ్యాస్ బిల్లు కవరు వెనక ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేశాడు. పైన ఇబ్రహీం మూసా ఆదం అని రాశాడు. నువ్వు స్కూల్లో ఏ ప్లేసులో ఆడతావు అని అడిగాడు. లెఫ్ట్ బ్యాక్, ఎడమవైపు వెనక అన్నాను. నిజానికి ఇంకెవరూ ఒప్పుకోని చోట నన్ను నిలబెట్టారు. "భేష్, బషీర్ చోటు" అని మూడో అంకె ఎదురుగా నా పేరు రాసి, పెన్ను పట్టుకుని ఆగాడు. "తర్వాత మీ అమ్మ పేరు. చెప్పు."

నోరు తెరిచాను. రాలేదు. బ్యాడ్జి మీద అక్షరాలు కళ్ల ముందు కనిపిస్తున్నాయి, నాలుక మాత్రం కదలదు. ఆయన తొందరపెట్టలేదు. బయట వీధిలో బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. అప్పుడు అన్నాను. గొంతు నాది కానట్టుగా, గరగరమంటూ వచ్చింది. ఆయన రాసుకున్నాడు. ఆమె అమ్మ పేరు కూడా అడిగి, మూడోది అది రాశాడు, మిగతా అంకెల ఎదురుగా తన జట్టు పేర్లు నింపాడు. తర్వాత ఆ డెబ్బై ఏళ్ల మనిషి లేచి నిలబడి, టీ చెంచా మైకులా పట్టుకుని, రేడియో వాడికంటే పెద్ద గొంతుతో పదకొండు పేర్లూ చదివాడు. మూడో పేరు దగ్గర పక్క ఫ్లాట్ వాళ్లు గోడ మీద దబదబా కొట్టేంతగా, చేతులు చాచి మరీ అరిచాడు.

అప్పుడు ఏడ్చాను. పది నెలల బాకీ అంతా ఒక్కసారే. ముక్కు కారి, వెక్కిళ్లు పట్టి, అసహ్యంగా ఏడ్చాను. ఆయన టీ తుడుచుకుంటూ "ఏడు, ఏడు" అన్నాడు, బిస్కెట్లు తిను తిను అన్నంత మామూలుగా.

రెండు వారాల తర్వాత మా స్కూలు అమ్మాయిల జట్టుకి పక్క స్కూలుతో ఆట. ఆటకి ముందు పేర్లు మైకులో చదువుతారు. ఎవరి పేరు వాళ్లే షీటు మీద రాసివ్వాలి. నేను మూడూ రాశాను. ఆటల టీచరు ఇంత పొడుగా అన్నట్టు కనుబొమలు ఎత్తి తీసుకుంది. ఆ రోజు నాన్న డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు. లైను అవతల, మెడలో హాస్పిటల్ ఐడీ తీయడం కూడా మరిచిపోయి, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నాన్నకి నేను ముందుగా చెప్పలేదు. చెబితే వద్దంటాడేమోనని భయం.

మూడో పేరు చదివారు. తడిసిన మైదానం మీద మా అమ్మ పేరు, మా అమ్మమ్మ పేరు వినిపించాయి. కాస్త వెల్ష్ యాసలో, అయినా స్పష్టంగా. నేను నాన్న వైపు చూశాను. జేబుల్లోంచి చేతులు బయటికి తీశాడు, వాటినేం చెయ్యాలో తోచనట్టు మళ్లీ లోపల పెట్టుకున్నాడు. ఆట మొత్తం నన్ను చూశాడో లేదో నాకు తెలియదు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

కారెక్కాం. తిడతాడేమో అనుకున్నాను. మా వీధి మలుపు వచ్చింది, దాటేసి వెళ్లిపోయాడు. రౌండబౌట్ చుట్టి వెనక్కి వచ్చి, మళ్లీ దాటేశాడు. మూడోసారి పక్కకి తీసి ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని నా బూట్ల వంక చూశాడు.

"మీ అమ్మ ఉంటే ఈ బురదతో నిన్ను కారెక్కనిచ్చేదే కాదు, అమ్మలూ" అన్నాడు.

అంతే. పేరు అనలేకపోయాడు. కానీ పది నెలల తర్వాత మీ అమ్మ అన్న రెండు ముక్కలు మా కార్లో వినిపించాయి. ఆ పూటకి నాకు అదే ఎక్కువ.

ఆ మొద్దుబారినతనం నన్ను పూర్తిగా వదిలిందని చెప్పను. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు పైకి, వినపడేలా, ఆ పేరు అంటాను. తర్వాత ఉస్మాన్ అంటాను, ఆమినా అంటాను. తాతయ్య కూడా పోయి నాలుగేళ్లయింది, ఆయన పేరూ కలుపుతాను. ఉస్మాన్‌నీ ఆమినానీ నేను చూడలేదు కదా అని వదిలెయ్యను. ఆయన కూడా మా అమ్మని చూడలేదు.

కిందటేడు నాకు పాప పుట్టింది. పేరు రాయించడానికి కౌన్సిల్ ఆఫీసుకి నాన్న తోడొచ్చాడు. పాప పేరు చెప్పి, దాని వెనకాల మా అమ్మ పేరు చెప్పాను. రిజిస్ట్రార్ ఆవిడకు సరిగా వినపడలేదు, మళ్లీ చెప్పమంది. నేను నోరు తెరిచేలోపు, పాపని ఎత్తుకుని నా పక్కన నిలబడ్డ నాన్న, ఆ గదిలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూసేంత గట్టిగా అన్నాడు.

"హైమవతి."