బ్లేడక్క సాక్ష్యం

పాత బట్టలు సరిచేసే దుకాణం అది. మూడు మెట్లెక్కితే ఒకటే గది, ఆరు మిషన్లు, గోడ మేకులకు వేలాడే కోట్లు, ప్యాంట్లు, స్కూలు యూనిఫారాలు. కిటికీ పక్క మిషను దగ్గర కూర్చునే ఆవిడ అసలు పేరు అడిగితే ఆ వీధిలో సగం మంది నీళ్ళు నములుతారు. అందరికీ ఆవిడ బ్లేడక్క. కుట్టు నూలుపోగంత వంకర పోయినా చాలు, బ్లేడు తీసి మొత్తం విప్పేస్తుంది. "లైనింగు కింద ఎవరు చూస్తారక్కా" అని పక్క మిషను మనిషి అంటే, "నేను చూశాగా" అంటుంది. ఇక దానిమీద మాట్లాడటానికేముంది?

పరిశుద్ధురాలు అనగానే మీకు తెల్లబట్టలు, వంచిన తల, మెత్తటి గొంతు గుర్తుకొస్తే, ఈవిడ మీ లెక్కలోకి రాదు. నోరు పెద్దది. కోపం ముక్కు మీదే ఉంటుంది. కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగబట్టి, తర్వాత ప్యాంటు పట్టలేదని తగాదాకొచ్చే మగవాళ్ళను కడిగి పారేస్తుంది. కానీ తప్పు తనదని తేలిందా, ఎంతమంది ముందు తిట్టిందో అంతమందీ ఉన్న వేళ చూసి, మిషను ఆపి, లేచి నిలబడి, "నిన్న తప్పు నాదేనండీ" అంటుంది. చాటుకు పిలిచి చెవిలో చెప్పడాలు ఆవిడ దగ్గర ఉండవు. ప్రభువును నమ్ముకున్నాక ఆవిడ పట్టుకున్న నియమం అదొక్కటే. నలుగురిలో చేసిన తప్పు నలుగురిలోనే విప్పాలి.

అలాంటి మనిషి రెండేళ్ళపాటు ఒక వంకర కుట్టును కదిలించకుండా ఉంచుకుంది. అదీ చర్చిలో.

భర్త పోయి ఒంటరిగా ఉంటున్న రోజుల్లో ఆవిడకు క్షయ వచ్చింది. దగ్గే మనిషికి బట్టలెవరిస్తారని భయపడి, మాత్రలను ఎప్పుడూ వెంట ఉండే గుండీల డబ్బాలో దాచుకుని, ఆరు నెలలూ ఎవరికీ తెలియకుండా మింగింది. జబ్బు సంగతి ఒక్క పాస్టరుగారికే చెబితే, ఆయన ఆ ఆరు నెలలూ వారం వారం ఇంటికొచ్చి, మోకాళ్ళూని ప్రార్థన చేశాడు. మంచివాడు, ఆ మాట చెప్పుకోవాలి. జబ్బు నయమయ్యాక చర్చిలో సాక్ష్యం చెప్పమన్నాడు. ఆవిడ మైకు పట్టుకుంది. మొదటిసారి మాత్రల మాట ఎత్తలేదు, అంతే. జనం చప్పట్లు కొట్టారు. రెండోసారి మందులు పనిచెయ్యలేదంది. మూడోసారి మాత్రలన్నీ చెత్తకుండీలో పారేశానంది. అలా చెప్పమని ఎవరూ నేర్పలేదు. దేవుడి మహిమ కోసమేగా అని సర్దిచెప్పుకుంది. చప్పట్లు కూడా బాగున్నాయి, దాచడమెందుకు.

నిరుడు ఆవిడ తోటికోడలు, అంటే మరిది భార్య, సంసారంతో వచ్చి పక్క వాటాలో దిగింది. మొండిఘటం. ఈ ఏడు ఆమెకూ అదే జబ్బు పట్టుకుంది. రెండు నెలలు మాత్రలు వేసుకునేసరికి దగ్గు తగ్గింది, మొహం తేటపడింది. బ్లేడక్క హమ్మయ్య అనుకుంది. అంతలో ఒకరోజు క్లినిక్ నర్సు దుకాణం మెట్లెక్కి వచ్చింది.

"మీ తోటికోడలు మూడు వారాలుగా మాత్రలకు రావడం లేదండీ. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. తర్వాత ఈ మందులకు లొంగకపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మీరైనా చెప్పండి."

బ్లేడక్క చేతిలో కోటు అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. తోటికోడలు గిన్నెలు తోముతోంది. మధ్యమధ్యలో దగ్గుతోంది.

"మాత్రలు ఎందుకు మానేశావే?"

"నువ్వు మానలేదా అక్కా?"

తోటికోడలు తడిచేతులు తుడుచుకుని, చర్చివాళ్ళు పంపిన సాక్ష్యం వీడియో ఫోనులో పెట్టింది. అందులోంచి బ్లేడక్క గొంతే వచ్చింది. అన్నీ చెత్తకుండీలో పారేశాను, నాకు ఆయనే చాలన్నాను. వెనకాల చప్పట్లు. బ్లేడక్క ఫోను లాక్కుని ఆపేసింది.

"అది అబద్ధమే. ఆరు నెలలూ మింగాను. ఒక్క పూట మానలేదు."

"నాచేత మాత్రలు మింగించడానికి అంటున్నావులే. దేవుడి ముందు మైకులో చెప్పింది అబద్ధమూ, వంటింట్లో చెప్పేది నిజమూనా? ఎవరికి చెబుతావక్కా కబుర్లు?"

బ్లేడక్క ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "ఆదివారం చర్చికి రా. అక్కడే వింటావు" అంది.

శనివారం వెళ్ళి పాస్టరుగారికి సంగతంతా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

"మీ సాక్ష్యం విని ఎంతమంది విశ్వాసంలో నిలబడ్డారో తెలుసా అమ్మా? ఇప్పుడది అబద్ధమంటే వాళ్ళేమైపోతారు? మీ తోటికోడలికి నేనొచ్చి విడిగా చెబుతాను."

"విడిగా చెబితే నమ్మట్లేదయ్యా. చెప్పి చూశాను."

"అయితే ప్రార్థన చేద్దాం."

"చేద్దాం. చేసి, రేపు చెబుతాను."

ఆదివారం ఆవిడకు మైకు ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఊరుకునే మనిషా? ఇరవై ఏళ్ళు ఆరు మిషన్ల మోత మీద మాట్లాడిన గొంతది. పాటకూ పాటకూ మధ్య లేచి నిలబడి, గుండీల డబ్బా పైకెత్తింది.

"నేను రెండేళ్ళుగా ఇక్కడ అబద్ధం చెప్పాను. మాత్రలు పారెయ్యలేదు. ఈ డబ్బాలో దాచుకుని ఆరు నెలలూ మింగాను. నన్ను బాగుచేసింది దేవుడే, ఆ మాట చచ్చినా వెనక్కి తీసుకోను. కానీ మాత్రలతో బాగుచేశాడు. ఆయన చేసిన పనిని నా ఇష్టమొచ్చినట్టు మార్చి చెప్పడానికి నేనెవర్ని? నా మాట విని మందులు మానేసినవాళ్ళుంటే రేపే వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి. నన్ను క్షమించండి."

"ఇక కూర్చోమ్మా" అని ముందు వరుసలోంచి ఎవరో కసిరారు. చెప్పాల్సిందంతా చెప్పాకే కూర్చుంది. ఈసారి చప్పట్లు లేవు. పాస్టరుగారు గబగబా ఇంకో పాట ఎత్తుకున్నాడు.

బయటికొచ్చాక తోటికోడలు గేటు దగ్గర ఆగింది. "నన్ను చంపేసేదానివి కదక్కా" అంది.

"అవును" అంది బ్లేడక్క. అని, నడివీధిలో నిలబడి ఏడ్చింది. తోటికోడలు ఓదార్చలేదు. వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పది రోజులు మాట్లాడలేదు. కానీ సోమవారం పొద్దున్నే క్లినిక్ మెట్లెక్కిందని నర్సు చెప్పింది. బ్లేడక్కకు అది చాలు.

చర్చి పెద్దలకు మాత్రం చాలలేదు. సంఘానికి తలవంపులు తెచ్చింది కాబట్టి ఆవిడ వెనక వరుసలో కూర్చోవాలనీ, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో ఏడాదిపాటు పాలుపొందకూడదనీ తీర్మానించారు. మహానుభావులు, అబద్ధానికి వేసిన శిక్ష కాదది, ఒప్పుకున్నందుకు వేసింది. ఇంకో చర్చికి పొమ్మని దుకాణంలో వాళ్ళు సలహా ఇచ్చారు. "తప్పు ఇక్కడ చేశాను, ఇక్కడే ఉంటాను" అంది బ్లేడక్క.

నెల మొదటి ఆదివారం వచ్చింది. ఆవిడ వెనక వరుసలో కూర్చుంది. కాసేపటికి తోటికోడలు వచ్చి, పలకరింపు లేకుండా పక్కనే చతికిలబడింది. పాస్టరుగారు రొట్టె పళ్ళెం పట్టుకుని వరుస వరుసా పెడుతూ వచ్చాడు. బ్లేడక్క దగ్గరికి రాగానే తల పక్కకు తిప్పుకుని, పళ్ళెం అవతలి మనిషి వైపు జరిపాడు.

ఆవిడ చెయ్యి చాచి పళ్ళెం అంచు పట్టుకుంది. అంత పెద్ద గొంతున్న మనిషి, ఆ వరుసకు మాత్రమే వినపడేంత మెల్లగా అడిగింది.

"అబద్ధం చెప్పిన రెండేళ్ళూ పెట్టారు కదయ్యా. నిజం చెప్పాక ఆపుతారా?"

పాస్టరుగారు పళ్ళెం లాక్కోలేదు, అలాగని ముందుకు చాచనూ లేదు. బ్లేడక్క ఒక రొట్టె ముక్క తీసుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుని తినడం పూర్తయ్యేదాకా ఆయన తల దించుకుని అక్కడే నిలబడ్డాడు.