చుట్టని పరదాలు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట, అంతే. కానీ నా పేరు, మా మేడ మీది తోట, నలుగురిలో నాకున్న మర్యాద, అన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మొహం చూడాల్సిన పని లేనప్పుడు ధైర్యం బాగానే వస్తుంది. ఇదీ పిరికితనమేనని నాకు తెలుసు.

మా వీధిలో ఎవరికైనా ఇంటి దగ్గర చిన్న గ్రీన్‌హౌస్ వేసుకోవాలని బుద్ధి పుడితే ముందు నా దగ్గరికే వస్తారు. నేను కాళ్ళు చాపుకుని కూర్చుని చెబుతాను. ఇనుప పైపుల జోలికి పోవద్దు, వెదురు చాలంటాను. కొత్త ప్లాస్టిక్ షీటు కొనే స్తోమత లేకపోతే రోజా పూల కంపెనీలవాళ్ళు మార్చేసిన పాత షీటు తెచ్చుకోమంటాను. దాన్ని ఎండకు ఎత్తి చూడాలి, రెండు చేతులతో లాగి చూడాలి, పెళుసుగా ఉంటే వదిలేయాలి. వెదురు కణుపుల మీద పాత సైకిల్ ట్యూబు చుట్టాలి, లేకపోతే గాలికి రాసుకుని రాసుకుని షీటు చిరుగుతుంది. కప్పు మనిషి కంటే ఎత్తుగా ఉండాలి. వాళ్ళు తలలూపుతారు. ఎంత తెలుసో ఈమెకు అని చెప్పుకుంటారు. నేను చెప్పే వాటిలో ఒక్క ముక్క కూడా నాది కాదు. అన్నీ మునిరత్న దగ్గర వినీ, చూసీ నేర్చుకున్నవే.

మునిరత్న నా తోడికోడలు, మా మరిది పెళ్ళాం. కావేరిపట్టణం పిల్ల. తొంభైలలో పెళ్ళయి హోసూరులో మా ఇంటికి వచ్చింది. అప్పటికి మా చుట్టుపక్కల రోజా పూల కంపెనీలు లేచాయి. బాగలూరు బస్సులో పోతుంటే దారి పొడుగునా తెల్లటి కప్పులు కనిపించేవి. అందరం చూశాం. ఇంటికొచ్చి, అలాంటిదే చిన్నది మన పెరట్లో వేస్తే క్యాప్సికం నారు పెంచి రైతులకు అమ్మవచ్చు కదా అన్నది మాత్రం మునిరత్న ఒక్కతే. నేను నవ్వాను. తడికకు కవరు తొడిగితే కంపెనీ అయిపోతుందా అని ఎగతాళి చేశాను.

నవ్వానే గానీ లోపల కడుపు మండింది. ఎందుకో చెప్పాలి, చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుంటానని మామను అడిగాను. నాకు కుట్టు బాగా వచ్చు. అంగడి పెట్టే ఖర్మ మన ఇంటి ఆడోళ్ళకు పట్టలేదమ్మా అన్నాడాయన. మిషను పుట్టింట్లోనే తుప్పు పట్టింది. అదే మామ, కాస్త ముసలివాడై మెత్తబడ్డాక, చిన్నకోడలు అడగ్గానే పెరడు మొత్తం ఇచ్చేశాడు. నాకు లేదన్నది ఆమెకు ఎలా వచ్చింది? అడగాల్సింది ఆయన్ని. ఆయన్ని అడిగే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

అయితే ఆయన ఒక మెలిక పెట్టాడు. ఈ ఎండాకాలం చూస్తాను, నారు బాగా వస్తే పెరడు నీదే, రాకపోతే ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలకు అద్దెకిచ్చేలా గదులు కట్టిస్తాను, నువ్వు బట్టల కంపెనీకి పోదువుగాని అన్నాడు. మరిది తెచ్చేది చాలడం లేదు. కంపెనీ వ్యాను మా వీధి చివరే ఆగేది. మునిరత్నకు ఆ వ్యానంటే భయం. పొద్దున్నించి సాయంత్రం దాకా నాలుగ్గోడల మధ్య లైట్ల కింద తలొంచుకుని కూర్చోవడం తన వల్ల కాదని నాతోనే చెప్పుకుంది. నన్ను తోబుట్టువనుకుంది మరి.

ఎంత కష్టపడిందని! వెదురు తనే చీల్చింది, బద్దలు తనే వంచింది. రోజా కంపెనీవాళ్ళు మార్చేసిన పాత షీటు చవగ్గా తెచ్చి, చిరిగిన చోట అతుకేసి కప్పింది. రెండు పక్కలా షీటు కింది అంచుకు కర్ర కట్టి పరదాల్లా చేసింది. వాటిని పైకి చుట్టి తాడుతో కట్టేస్తే గాలి ఆడుతుంది, దించేస్తే లోపల వెచ్చగా ఉంటుంది. తట్టల్లో కొబ్బరి పొట్టు నింపి విత్తనం పెట్టింది. ఆ నారు మొలిచి, నాలుగాకులు వేసి, బలంగా లేచింది. చూసిపోయిన రైతులు తమకే కావాలన్నారు. మామ అన్నం తింటూ, చిన్నకోడలి చేతిలో ఏదో ఉందని అందరి ముందూ అన్నాడు. వడ్డిస్తున్నది నేను.

నారు రైతులకు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది. అంతలో మునిరత్న తమ్ముడి పెళ్ళి వచ్చింది. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే కావేరిపట్టణం బయలుదేరారు. ఇల్లు తాళం పెట్టి అందరం పోవడం కుదరదని నేను ఆగిపోయాను. ఆ వేళప్పుడు చల్లగా ఉంటుంది గనక పరదాలు దించే ఉన్నాయి. గడప దాటబోతూ మునిరత్న వెనక్కి తిరిగింది.

"అక్కా, ఎండెక్కక ముందే పరదాలు చుట్టి కట్టేయక్కా. మర్చిపోతే లోపలంతా ఉడికిపోతాది."

"నాకు తెలీదా? పోయి రామ్మా. నేను ఈడనే ఉంటాను కదా."

పోయింది. నేను పెరట్లోకి వెళ్ళాను. తాడు మీద చెయ్యి వేశాను. మరిచిపోయానని మీకు చెప్పగలను, మీరు నమ్ముతారు కూడా. కానీ మరిచిపోలేదు. ఎండ గోడ దాటి షీటు మీదికి వస్తోంది. లోపలి తడికి షీటంతా చెమర్చి ఉంది, దాని వెనక పచ్చగా నారు. అప్పుడు నాకు మామ మాట గుర్తొచ్చింది. పుట్టింట్లో నా మిషను గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాను. లోపలికి వచ్చి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను.

ఏమనుకుంటూ కూర్చున్నాను? ఇంకాసేపాగి చుట్టుదాం అనుకున్నానా? కొంచెం వాడితే చాలు, మొత్తం పోనక్కర లేదు, మామ కళ్ళలో ఆమె కాస్త తగ్గితే చాలు అనుకున్నానా? అలాగే అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమో కాదో ఇప్పుడు నాకే తెలియడం లేదు. ఒకటి మాత్రం తెలుసు. వంటింటి కిటికీలోంచి ఆ షీటు కనిపిస్తూనే ఉంది. బియ్యం ఏరడం అయిపోయింది, కందిపప్పు ఏరాను. అదీ అయిపోతే, శుభ్రంగా ఉన్న మినప్పప్పును మళ్ళీ ఏరాను.

మధ్యాహ్నం దాటాక పోయి పరదా ఎత్తాను. ఉడుకుతున్న కూరగిన్నె మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. నారంతా తలలు వాల్చేసి తట్టల మీద పడి ఉంది. ఆకులు ముట్టుకుంటే మెత్తగా చేతికి అంటుకున్నాయి.

అప్పుడు చుట్టాను. రెండు పక్కలా చక్కగా, మునిరత్న చుట్టేలాగే చుట్టి, ఆమె వేసే ముడే వేశాను. పొద్దున చేసింది ఒళ్ళు మండి చేశాననుకోండి. ఈ ముడి మాత్రం నిదానంగా, తెలిసి తెలిసి వేసింది. నన్ను తినేస్తున్నది ఈ ముడే.

సాయంత్రం వాళ్ళు వచ్చారు. పెళ్ళి చీర మార్చుకోకుండానే మునిరత్న పెరట్లోకి పరుగెత్తింది. కేక పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. చాలాసేపటికి బయటికి వచ్చింది.

"పొద్దున్నే చుట్టినావు కదక్కా?"

"చుట్టినాను."

మళ్ళీ అడగలేదు. నా మాటకు సాక్ష్యం కావాలని ఆమెకు తోచలేదు. తల ఎత్తి కప్పు కేసి చూసింది. "అయితే ఈ షీటే అక్కా. రోజా కంపెనీలో కొట్టిన పురుగుమందంతా దీంట్లో ఇంకిపోయి ఉంటాది. అది కారి నారు మీద పడినట్టుండాది. చవకని నేనే తెచ్చి పెట్టినాను" అంది. చూశారా, నా అబద్ధానికి మిగతా సగం ఆమే కల్పించి ఇచ్చింది. మా వైపు అందరికీ ఆ అనుమానం ముందునించీ ఉంది. రోజా తోటల్లో వారం వారం మందు కొడతారు, ఆ షీట్లు విషమే అని చెప్పుకునేవారు. వీధంతా వచ్చి చూసి అదే అన్నారు. నేనూ అవునన్నాను.

మరునాడు మామ తన చేత్తోనే వెదుర్లు పీకేశాడు. పెరట్లో గదులు లేచాయి. మునిరత్న వ్యాను ఎక్కింది. ఎక్కే ముందు ఏడుస్తుందేమోనని వాకిట్లో నిలబడి చూశాను. ఏడవలేదు. టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుని, వస్తానక్కా అని చెప్పి వెళ్ళిపోయింది. అలా ఎన్నో ఏళ్ళు వెళ్ళింది. కళ్ళజోడు వచ్చింది. మెడ నొప్పి వచ్చింది. ఇంట్లో తులసి మొక్కకు నీళ్ళు పోయడం కూడా మానేసింది.

మామ పోయాక మేము మేడ వేశాం. అప్పుడు నాకు పుట్టిన బుద్ధి చూడండి. అటక మీద మడిచి పడేసిన ఆ షీటే దించాను. విషమన్న ఆ షీటునే వెదురు మీద వేసి టమాటా పెట్టాను, కీర పెట్టాను. ఎందుకు పెట్టాను? పశ్చాత్తాపమా, పొగరా? అందులో ఏమీ లేదని నాకొక్కదానికే తెలుసు కదా, ఊరికే పడి ఉంది కదాని వాడుకున్నాను. అంతే అయి ఉంటుంది. కాపు విరగకాసింది. వీధిలో నాకు పేరొచ్చింది.

ఒక ఆదివారం మునిరత్న పైకి వచ్చింది. షీటుకు తను వేసిన అతుకును గుర్తుపట్టింది. దాని మీద వేలు పెట్టి నిలబడింది. ఇక అయిపోయింది, అడిగేస్తుంది, చెప్పేస్తాను అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "ఇన్నేండ్లకి మందంతా పోయినట్టుండాది లేక్కా" అని కిందికి దిగిపోయింది. ఆమె నిజంగానే అలా అనుకుందా, తెలిసీ వదిలేసిందా? ఈ ప్రశ్న అడగాలంటే ముందు నేను నోరు విప్పాలి.

ఈ మధ్యే కంపెనీ మానేసింది. మరిదికి కాస్త కుదురుకుంది, వేరే ఇల్లు కట్టుకున్నారు. మొన్న వచ్చి, తన మేడ మీద కూడా చిన్న గ్రీన్‌హౌస్ ఒకటి వేసి పెట్టమంది. నాకు సంతోషమేసింది. నువ్వే వేసుకోవచ్చు కదా, నీకు రానిదా అన్నాను.

"వద్దక్కా. యాడ వెయ్యాలో, ఏ షీటు తేవాలో అంతా నువ్వే చూడు. విత్తనం కూడా నువ్వే పెట్టు. నా చెయ్యి మంచిది కాదు."

అంత మామూలుగా అంది. కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు అంది. నేను పాడుచేసింది ఒక్క ఎండాకాలపు నారే అనుకుంటూ వచ్చాను. ఆమె అప్పటినించీ తన చేతుల్నే నమ్మలేదు. నేను అప్పుడు చెప్పాల్సింది. ఆమె ఎదురుగా ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు. షీటు ఎక్కడ దొరుకుతుందో చెప్పాను. కాఫీ ఇచ్చాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఆ షీటులో ఏ విషమూ లేదు. మునిరత్న చెయ్యి మంచిదే. ఆ పొద్దున పరదాలు నేను చుట్టలేదు, కావాలనే చుట్టలేదు. రాసేశాను. ఇన్నేళ్ళ తర్వాత కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమె ఇంకా తన చేతుల్నే తిట్టుకుంటోంది.